తోలుకు నడక నేర్పినవాళ్ళు

'మాయాబజార్' సినిమా 1957లో వచ్చింది. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళిపీటల దాకా వెళ్ళే ఘట్టం ఎరగని తెలుగువాళ్ళు అరుదు. అక్కడ తెరమీద ఉన్నది సావిత్రి. రూపం శశిరేఖది, చీర శశిరేఖది, నగలు శశిరేఖవి. అయినా ఆమె భుజం ఎగరేసినప్పుడు, కాలు బారచాపి వేసినప్పుడు మనకు కనిపించేది ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడే. రూపం ఒకటి చెబుతుంటే నడక మరొకటి చెప్పింది. రెంటికీ పోటీ వచ్చిన చోట ప్రేక్షకుడు నడకనే నమ్మాడు, నమ్మి నవ్వాడు.

లేని మనిషిని ఉన్నట్టు చూపించాలంటే ఏం కావాలి? ఆకారమా, కదలికా? కంప్యూటర్ సాయంతో పాత్రల్ని పుట్టించేవాళ్ళు ఇవాళ ఈ ప్రశ్నతో తలమునకలుగా ఉన్నారు. సినిమాల్లో, వీడియో ఆటల్లో కనిపించే ఆ పాత్రలకు ఒళ్ళు ఎలా ఉండాలి, ఆ ఒళ్ళు ఎలా కదలాలి, చూసేవాడు దేన్నిబట్టి ఇతను మంచివాడు, ఇతను క్రూరుడు, ఇతను మనవాడు అనుకుంటాడు అని ప్రయోగాలు చేస్తున్నారు. తెలుగునాట ఈ ప్రశ్న కొత్తది కాదు. దీపానికీ తెరకీ మధ్య తోలుముక్కను నిలబెట్టి, దాన్ని రాముడని ఊరందరిచేతా చెయ్యెత్తి మొక్కించిన తోలుబొమ్మలాటవాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా దీనికి జవాబు చెబుతూ వచ్చారు. ఆ జవాబులో సగం భద్రంగానే ఉంది. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

ఇంట్లో ఒక భాష, తెరమీద ఒక భాష

పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లో నాటి ఆటపాటలతో పాటు తెరమీద ఆడించే బొమ్మల ప్రస్తావన కూడా ఉంది. అంటే సుమారు ఏడు వందల ఏళ్ళ కిందటే ఈ ఆట తెలుగువాళ్ళకు పరిచయం. ఆటకు మూలగ్రంథం గోన బుద్ధారెడ్డి 'రంగనాథ రామాయణం'. అది ద్విపద కావ్యం. రెండేసి పాదాలుగా సాగే ఛందస్సు కాబట్టి పాడటానికి, పాట మధ్యలో ఆగి మాట కలపటానికి వీలుగా ఉంటుంది.

ఈ ఆటను బతికించినవాళ్ళలో ఎక్కువమంది ఆరె కాపులు. వాళ్ళ ఇంటి భాష మరాఠీకి చెందినది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' వీళ్ళ గురించి చెబుతూ, తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాల్లో బొమ్మలాడించే వృత్తివాళ్ళని రాసింది. తమిళనాడులో ఇదే వృత్తిలో ఉన్న మండికర్లు కూడా ఇంట్లో మరాఠీయే మాట్లాడతారు. తెరమీదికి వచ్చేసరికి మాత్రం అక్కడ తమిళం, కన్నడ దేశంలో కన్నడం, మన దగ్గర తెలుగు.

పుదుచ్చేరి పాలనలో ఉంటూ తెలుగు మాట్లాడే యానాం వాళ్ళం, ఇంట్లో ఒక భాషా కచేరీలో ఒక భాషా ఉండటమంటే ఏమిటో ఎరుగుదుం. మరి ఆ కుటుంబాలు పరాయి భాషలోని ద్విపదలను కంఠస్థం చేసి, ఆ భాషవాళ్ళకే వాళ్ళ రాముణ్ణి చూపించి మెప్పించాయి. వారసత్వంగా మాటతో పాటు చేతివాటం కూడా వాళ్ళ ఇళ్ళల్లో తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి వచ్చింది.

ఒడ్డూ పొడుగూ

మన దేశంలో నీడబొమ్మలు ఆడించే ప్రాంతాలు చాలానే ఉన్నాయి. వాటిలో తెలుగు బొమ్మలు అన్నిటికంటే పెద్దవి. అయిదారు అడుగుల బొమ్మలు, అంటే నిండు మనిషెత్తువి, మామూలే. తోలును పల్చగా, వెలుగు దిగేలా తయారుచేస్తారు. దానిమీద గీత గీసి, ఉలులతో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. అందుకే తెరమీద పడేది నల్లని నీడ కాదు, రంగుల నీడ. రెండువైపులా రంగు ఉండటంవల్ల బొమ్మను అటు తిప్పినా ఇటు తిప్పినా పనికొస్తుంది. ఎదుటివాడు కుడివైపు నుంచి వస్తే బొమ్మ కుడికి తిరిగి మాట్లాడుతుంది.

ఏ పాత్రకు ఏ తోలు అన్నదానికి పూర్వం ఒక కట్టు ఉండేది. దేవతలకూ కథానాయకులకూ జింకజాతి చర్మం, మిగతావాళ్ళకు మేకతోలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు మాట ఎత్తే వీలు లేదు. ఇప్పుడు రాముడైనా రాక్షసుడైనా మేకతోలే. మామూలు బొమ్మకు ఒక తోలు సరిపోతే రావణుడికి కనీసం నాలుగు కావాలి. పెట్టుబడి లెక్కన చూస్తే, బొమ్మలపెట్టెలో అందరికంటే ఖరీదైన ఆసామి రాముడు కాదు, రావణుడు. ఆ పది తలలూ ఇరవై చేతులూ తెరను ఆక్రమించకపోతే రాముడు గెలిచినదాని విలువ ప్రేక్షకుడికి తెలియదు. ఆ సంగతి గ్రహించే ఆటగాడు ఆ ఖర్చు పెట్టాడు.

ముఖాలు చాలావరకు పక్కనుంచి చూసినట్టే ఉంటాయి. నీడకు గుర్తుపట్టే అంచు కావాలి. ముక్కు, గడ్డం, ఛాతీ, పొట్ట ఇవన్నీ పక్కనుంచి చూసినప్పుడే అంచు కడతాయి. ఎక్కడో జనం వెనకాల కూర్చున్న ముసలమ్మకు కూడా వచ్చినవాడు ఎవడో క్షణంలో తెలిసిపోవాలి. అందుకని శరీరాన్ని అక్షరంలా రాశారు, చూడగానే చదువుకునేలా.

అయితే ఈ లిపి అన్ని చోట్లా ఒకటి కాదు. కర్ణాటకలోని తొగలు గొంబెయాటలో బొమ్మలు చాలావరకు చిన్నవి. పైగా అక్కడ బొమ్మ సైజు హోదానుబట్టి ఉంటుంది. రాజులూ దేవుళ్ళూ పెద్దగా, సేవకులూ సామాన్యులూ చిన్నగా ఉంటారు. జావాలోని వయాంగ్ బొమ్మల్లో లెక్క దాదాపు తలకిందులు. అక్కడ అర్జునుడు సన్నగా, చిన్నగా, తల కొద్దిగా వంచి ఉంటాడు. కళ్ళు సన్నని గీతల్లా ఉంటాయి, పాదాలు దగ్గరగా ఉంటాయి. గుండ్రటి కళ్ళు, లావు ముక్కు, ఎడంగా చాపిన కాళ్ళు, భారీ శరీరం మోటుతనానికి గుర్తులు. పెద్ద ఒళ్ళు మన తెరమీద వీరత్వం, జావా తెరమీద చాలాసార్లు సంస్కారలోపం. అంటే ఆకారానికి అర్థం ఆకారంలో లేదు, చూసే ఊళ్ళో ఉంది.

కీళ్ళు

ఇక రెండో సగం. తెలుగు బొమ్మకు భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర కీళ్ళు ఉంటాయి. తోలుముక్కల్ని విడివిడిగా కోసి, దారంతో వదులుగా ముడివేస్తారు. బొమ్మ మధ్యలో నిలువునా చీల్చిన వెదురుబద్ద ఉంటుంది. చేతులకు వేరే పుల్లలు ఉంటాయి. కాళ్ళు మాత్రం సాధారణంగా వేలాడుతూ ఉంటాయి. కాలికి పుల్ల లేనప్పుడు నడక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆటగాడి మణికట్టు నుంచి. నడిమి బద్దను ఎంత ఎత్తాలి, ఎంత ఊపి ఎప్పుడు ఆపాలి అనేదాన్నిబట్టి కాలు దానంతటది ముందుకు ఊగి కింద పడుతుంది. ఒకే బొమ్మను ఇద్దరు ఆటగాళ్ళ చేతికిస్తే రెండు నడకలు వస్తాయి.

ఆ నడక కంటికి ఎంత కనిపిస్తుందో చెవికి అంత వినిపిస్తుంది. తెరవెనక నేలమీద చెక్కలు పరిచి ఉంటాయి. ఆటగాడు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, బొమ్మతో పాటు తానూ ఊగుతూ, అడుగు పడాల్సిన చోట మడమతో చెక్కను తొక్కుతాడు. మేకతోలుకు బరువు లేదు. రావణుడి అడుగుకు ఉన్న బరువు ఆటగాడి కాలిది. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్ఫుటంగా ఉంటుంది. తెరనుంచి వెనక్కి దీపం వైపు లాగితే పెద్దదై, అంచులు చెదిరి, పొగలా అవుతుంది. మాయమవటానికీ ప్రత్యక్షమవటానికీ వేరే యంత్రం అక్కర్లేదు, మోచెయ్యి చాలు. మొదట్లో ఆముదపు దీపాలు, తరువాత పెట్రోమాక్స్ లైట్లు, ఆపైన కరెంటు బల్బులు వచ్చాయి. మినుకుమినుకుమనే దీపం ముందు, బొమ్మ కదలకపోయినా ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. బల్బు ముందు ఆ భారమంతా చేతిమీదే పడుతుంది.

కీళ్ళు లేని బొమ్మలూ ఉన్నాయి. ఒడిశాలోని రావణఛాయలో బొమ్మ ఒకే ముక్క, రంగులు ఉండవు. అక్కడి కవిత్వం వేరు. దానికి పాటే ప్రాణం. మన ఆట కీలును నమ్ముకుంది. ఆ నమ్మకం ఎంత లోతైనదో 1973లో స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ ప్రచురించిన ప్రయోగాలు చదివితే తెలుస్తుంది. ఆయన మనిషి భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము, మోకాళ్ళు, చీలమండలు, ఇలా కీళ్ళ దగ్గర మాత్రమే వెలుగుచుక్కలు పెట్టి, చీకట్లో నడిపించి చూపించాడు. నిలిచి ఉన్న చుక్కలు చూస్తే చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. చుక్కలు కదలగానే, సెకనులో కొద్ది భాగంలోనే, మనిషి నడుస్తున్నాడని చెప్పేశారు. ముఖం లేదు, ఒళ్ళు లేదు, బట్టలు లేవు. ఉన్నవి పది పన్నెండు చుక్కలు.

1977లో లిన్ కొజ్లోవ్‌స్కీ, జేమ్స్ కటింగ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇలాంటి చుక్కలతోనే, నడిచేది ఆడమనిషో మగమనిషో చూసేవాళ్ళు ఊహకంటే మెరుగ్గా చెప్పగలరని చూపించారు. పరిచయస్తుల్ని కూడా నడకనుబట్టి కొంతవరకు గుర్తుపట్టగలరని అదే ఏడు తేలింది. సావిత్రి నడకలో ఘటోత్కచుడు మనకు ఎందుకు దొరికిపోయాడో ఇప్పుడు తెలుస్తుంది. యోహాన్సన్ చుక్కలు పెట్టిన చోట్లలో ముఖ్యమైనవి భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు. మన బొమ్మలవాళ్ళు దారం ముడి వేసిన చోట్లు కూడా అవే.

కేతిగాడి సంగతి

ఆకారాన్ని అక్షరంలా రాస్తే చదవటం తేలికే, కానీ ఆ రాతలో అన్యాయం కూడా చేరుతుంది. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు రాముడి తరువాత గుర్తుండేది కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వీళ్ళు రామాయణంలో లేరు. రాత్రంతా సాగే ఆటలో జనానికి నిద్ర పట్టకుండా మధ్య మధ్య వచ్చి, మోటు హాస్యమాడి, ఊళ్ళో పెద్దమనుషుల్ని కూడా నాలుగు మాటలని వెళ్ళిపోతారు. ఒళ్ళు నలుపు, పొట్టి, బానపొట్ట, వికారమైన ముఖం. దేవుడు నిశ్చలంగా నిలబడినా చెల్లుతుంది. వీళ్ళు నిలబడితే చెల్లదు. ఎగరాలి, దొర్లాలి, తన్నుకోవాలి. ఎక్కువ కదలిక తక్కువవాళ్ళకు పెట్టారు.

కన్నడ దేశంలో ఈ విదూషకుడి పేరు కిళ్ళెక్యాత. ఆడించేవాళ్ళ కులాన్ని కూడా జనం అదే పేరుతో పిలిచారు. థర్‌స్టన్ గ్రంథంలో వీళ్ళ వివరాలు ఆ పేరు కిందే ఉన్నాయి. రాముణ్ణి ఆడించినా రాముడి పేరు రాలేదు, నవ్వించే బొమ్మ పేరు ఇంటిపేరైంది. ఇది చిన్న సంగతి కాదు. రాత్రంతా రాజుల్నీ దేవుళ్ళనీ నడిపించిన మనిషిని, తెల్లారాక ఊరు చూసిన తీరు ఆ పేరులో ఉంది. కొప్పళ జిల్లాకు చెందిన తొగలు గొంబెయాట కళాకారిణి భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతరకు 2025లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు, ఆ పేరు చివర ఉన్న మాట ఇదే.

జావాలో సెమార్ అనే విదూషకుడు ఉన్నాడు. పొట్టి, లావు, సేవకుడు. కానీ కథ ప్రకారం అతను భూమికి దిగిన దేవుడు. ఆ తెరముందు కూర్చున్న పిల్లవాడు పొట్టి ఒళ్ళు చూసి నవ్వుతూనే దానికి గౌరవం ఇవ్వటం నేర్చుకుంటాడు. మన తెర ఆ రెండో పాఠం చెప్పినట్టు లేదు. ఇవాళ సెల్‌ఫోనులో ఆటలాడే పిల్లలకు వీరుడంటే ఒక కొలత, నవ్వులపాలయ్యేవాడంటే ఇంకో కొలత ఇప్పటికీ అందుతూనే ఉన్నాయి. ఆ కొలతలు యంత్రం కనిపెట్టినవి కావు. అవి మన పాత పెట్టెల్లోవే.

ఈగ నేర్పిన పాఠం

2012లో ఎస్.ఎస్. రాజమౌళి 'ఈగ' తీశారు. కథానాయకుడు ఈగ. మాట లేదు, ముఖంలో ఎక్కువ భాగం కళ్ళే, పెదవి విరుపుకూ కనుబొమ్మ ముడికీ చోటు లేదు. కోపం, ప్రేమ, పట్టుదల అన్నీ ఒంటి కదలికతోనే చెప్పాలి. ముందుకాళ్ళు ఆడించే తీరులో, తల తిప్పే తీరులో, ఎగిరే వేగంలో ప్రేక్షకుడికి ఒక మనిషి కనిపించాడు. ఆ సినిమాకు జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డుతో పాటు స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు కూడా వచ్చింది. మనిషి ఆకారం ఏమాత్రం లేకుండా మనిషిని నిలబెట్టటం అది.

దీనికి ఎదురు ఉదాహరణ రెండేళ్ళకే వచ్చింది. రజనీకాంత్ 'కొచ్చాడయాన్' 2014లో తెలుగులో 'విక్రమసింహ'గా విడుదలైంది. నటుల కదలికల్ని యంత్రాలతో పట్టి, కంప్యూటర్ శరీరాలకు తొడిగే పద్ధతిలో తీసిన చిత్రం. పోలిక రజనీకాంత్‌దే. బొమ్మల్లో జీవం చాలలేదని మాత్రం పలువురు విమర్శకులు రాశారు. ఈగను మనిషి అనుకున్న ప్రేక్షకుడే, మనిషి పోలిక ఉన్న బొమ్మను బొమ్మ అన్నాడు.

జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి 1970లోనే దీన్ని ఊహించి ఒక వ్యాసం రాశాడు. యంత్రం మనిషిని పోలేకొద్దీ మనకు దానిమీద ఇష్టం పెరుగుతుంది. దాదాపు మనిషిలాగే ఉండి, ఎక్కడో తేడా కొట్టే చోట మాత్రం ఇష్టం హఠాత్తుగా పడిపోయి, ఒళ్ళు జలదరిస్తుంది. కదలిక ఉంటే ఆ జలదరింపు ఇంకా ఎక్కువ. ఆయన తన వాదానికి తెచ్చుకున్న ఉదాహరణల్లో జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్‌రాకు ఒకటి. ఆ బొమ్మ దగ్గరగా చూస్తే మనిషిలా ఉండదు. ఆటలో లీనమై చూసినప్పుడు దానిమీద మనకు ఎంతో దగ్గరితనం కలుగుతుందని ఆయన గమనిక. మన తోలు రాముడూ అంతే. మనిషిలా ఉండాలన్న పంతం ఆ బొమ్మకు లేదు, మనిషిలా కదిలితే చాలు. మిగతాది చూసేవాడు పూరిస్తాడు.

బిల్లు లేని సరుకు

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మ చేసే చెయ్యీ, ఆడించే చెయ్యీ రెండూ ఉన్నవారు. ఆ ఊళ్ళో ఇవాళ తోలుమీద చెక్కే పని చాలావరకు దీపపు గొట్టాలు, గోడకు తగిలించే పటాలు, గుమ్మానికి కట్టే అలంకారాల కోసం జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పొట్టకూటికి దారి దొరికింది కాబట్టి దీన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఏది నిలిచింది, ఏది పోతోంది అన్న పద్దు మాత్రం రాసుకోవాలి. దీపపు గొట్టం మీద హనుమంతుడి ఆకారం భద్రం. ఆ గీత, ఆ చిల్లులు, ఆ రంగు అన్నీ మనవళ్ళకు అందుతాయి. గొట్టం మీది హనుమంతుడికి కీళ్ళు లేవు. అతను సముద్రం దాటడు. బ్యాంకులో పనిచేసేవాడిగా నాకు తెలిసిన మాట ఒకటుంది. పటానికి బిల్లు ఉంటుంది, ఆర్డరు ఉంటుంది, సరుకు నిల్వ చూపించవచ్చు, దానిమీద అప్పు పుడుతుంది. మణికట్టు విసురుకు బిల్లు లేదు, అది తాకట్టుకు రాదు. అప్పు కావాలన్న కళాకారుణ్ణి మేము మర్యాదగా చేతివృత్తి పద్దు కిందికి తోస్తాం. ఆట పద్దు అనేదొకటి లేదు. ఇలా ఆకారానికి పెట్టుబడి దొరికి, కదలికకు దొరకక, ఒకే కళ రెండుగా చీలింది. అందులో ఒక ముక్క బతుకుతోంది.

మన యానాం నుంచి దూరం పోనక్కర్లేదు. కాకినాడ పక్కన సామర్లకోట మండలంలోని మాధవపట్నం బొమ్మలాటవాళ్ళ ఊరు. మన అడవిపొలం నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. ఇంత దగ్గరగా ఉన్న విద్యకు మనం చెయ్యగలిగిన పనులు రెండు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఆటను రికార్డు చేసేటప్పుడు కెమెరాను తెరముందు ఒకటి, తెరవెనక ఒకటి పెట్టటం. ముందు తీస్తే నీడ దొరుకుతుంది. వెనక తీస్తేనే మణికట్టు, మడమ, ఊపిరి దొరుకుతాయి. నటుల కీళ్ళ కదలికల్ని లెక్కగట్టి దాచే యంత్రాలు సినిమావాళ్ళ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఆ యంత్రాల్ని ఒక్కసారి వృద్ధ ఆటగాడి చేతులకు పెడితే, రేపు కంప్యూటర్ మీద తెలుగు బొమ్మ చేయబోయే కుర్రవాడికి అది పనికొస్తుంది. దానికి ఆ ఆటగాడికి ప్రతిఫలం ముట్టాలి, పేరు కూడా ఉండాలి, అదీ అతను కోరుకున్న పేరు.

రెండోది మన చేతిలోనే ఉంది. తీర్థాలకూ జాతరలకూ బొమ్మలాట పెట్టించే కమిటీలు ఇప్పుడు ఉపన్యాసాల మధ్య అరగంట ఇస్తున్నాయి. అరగంటలో రావణుడు తెరమీదికి రావటం అవుతుంది, పది తలలూ చూసి జనం చప్పట్లు కొట్టటం అవుతుంది, అతను నడవటానికి మాత్రం వేళ చాలదు. పిలిచేటప్పుడు కనీసం ఒక పూర్తి ఘట్టం అడగండి. రాత్రి పది దాటినా సరే కేతిగాణ్ణి కూడా రానివ్వండి. పిల్లలు తెరవెనక్కి తొంగిచూస్తామంటే, కసరకుండా వెళ్ళనివ్వండి.